ఇసుక బస్తాలు నడవవు

"నేను రానని చెప్పండి అత్తయ్యా."

లెక్కలమ్మ ఆ మాట పక్క గదిలో బూట్లు తుడుచుకుంటున్న భర్తకి వినబడేంత గట్టిగానే అంది. అయినా అత్తగారు కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచి, గుమ్మంలో నిలబడి "రాదట" అని కొడుక్కి అందించి వచ్చింది.

"ఇంత పెద్ద వంతెన కట్టి, ప్రారంభానికి ఇంట్లోవాళ్ళే రాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అడుగమ్మా," అన్నాడు ఆయన లోపల్నుంచి.

"నలుగురూ ఏమనుకుంటారని అడుగుతున్నాడు."

"నన్ను ఇంటికి పంపించి కట్టిన వంతెన దగ్గర నేనే నిలబడి చప్పట్లు కొడితే ఏమనుకుంటారో, ముందు అది కనుక్కోమనండి."

ఈసారి అత్తగారు కదల్లేదు. ఉన్నచోటే కూలబడింది. "ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల్నించి ఈ ఇంట్లో నాది పోస్టుమాన్ ఉద్యోగం. జీతమా లేదు, ఆదివారమా లేదు. నా మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాక మీ ఇద్దరికీ సంధి కుదురుతుందేమో!"

ముసలావిడ నెలలు సరిగ్గానే లెక్కపెట్టింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే కంపెనీలో పంతొమ్మిదేళ్ళు పనిచేశారు. ఆయన ప్రాజెక్టు మేనేజరు. ఆమె డ్రాయింగులు సరిచూసే విభాగానికి పెద్ద. ఆమె పెన్సిల్ పడకుండా ఏ కాగితమూ గడప దాటేది కాదు గనకనే ఆఫీసంతా కలిసి లెక్కలమ్మ అని పేరు పెట్టారు. ఆ విభాగాన్ని మూసేసి, ఆ పనిని ఎక్కడో దూరాన చవగ్గా చేసిపెట్టే ఆఫీసుకి అప్పగించాలని పైవాళ్ళు తీర్మానించారు. తీసేసే ఏడుగురి జాబితా కింద సంతకం మేనేజరుగారిది. జాబితాలో మొదటి పేరు మేనేజరుగారి భార్యది. సంతకం పెట్టి వచ్చినరోజు ఆయన భోంచేశాడు, టీవీ చూశాడు, పడుకున్నాడు. ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు ఆమెకి ఆ కబురు చెప్పింది నోటీసు బోర్డు.

అప్పట్నించి ఆ ఇంట్లో వంతెన మాట ఎవరూ ఎత్తకూడదు. ఎవరూ ఆ నియమం పెట్టలేదు, ఈ రోజుదాకా అందరూ పాటించారు.

అలాంటి నియమం ఒకటుందని కూడా గుర్తులేనివాడు మరిది. రెండు దాటగానే ఊడిపడ్డాడు. కొత్త చొక్కా, నున్నగా దువ్విన తల, గోళ్ళ సందుల్లో మాత్రం మామూలు నలుపు. స్టేషన్లో నాలుగు పట్టాల మీదుగా ఆ వంతెనని ఎత్తి నిలబెట్టిన ముఠాకి మేస్త్రీ అతనే.

"ఏంటమ్మా, ఇంకా తెమల్లేదా? నాలుగింటికి రిబ్బను కోస్తారు. నాలుగూ పదికి మొదటి రైలు దిగుతుంది. ఇన్నాళ్ళూ పట్టాల మీంచి పరిగెత్తి చచ్చేవాళ్ళు, ఈరోజు నుంచి దొరల్లా పైనుంచి నడుస్తారు!"

"మీ వదిన రాదట."

"రాకపోవడమేంటి? వదినా, నువ్వు రావాలి. నిన్ను నడిమధ్యన నిలబెట్టి, చుట్టూ నా మనుషులు ఎనిమిదిమందినీ పెట్టి ఫొటో తీయిస్తాను. అన్నయ్య ముఖం చూసి కాకపోతే నా ముఖం చూసి రా."

"నీ ముఖం ఇంట్లోనే చూశాగా, చాల్లే," అంది లెక్కలమ్మ. ఎంత కోపంలో ఉన్నా మరిదిని చూస్తే ఆమెకి నవ్వొస్తుంది. నీళ్ళు తేవడానికి లేచింది.

"నిజం చెప్తున్నా వదినా, ఇంత సుఖమైన పని నా జన్మలో చెయ్యలేదు. పై కమాను నుంచి కిందికి వేలాడే కడ్డీలున్నాయి చూడు, నడిచే దారిని మోసేవి, వాటి చివర కడ్డీని దారికి పట్టి ఉంచే చెవి ప్లేట్లు బిగించాలి కదా. కన్నాలు సరిచేస్తుంటే వెన్నలో వేలు పెట్టినట్టే దిగింది మిషను. పదహారు మిల్లీ మందమే గదా!"

గ్లాసు అందించబోతున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎంత?"

"పదహారు."

"పాతిక కదా?"

"కాదు వదినా. నా చేత్తో బిగించినవి, నాకు తెలీదా? డ్రాయింగులో ఆ అంకెకి చుట్టు కూడా చుట్టి ఉంది. ఉండు, చూపిస్తా."

ఫోన్లో కాగితం తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు. పదహారు అంకె. దాని చుట్టూ నల్లటి గీత. గీత చివర చిన్న తోక. ఆ తోక ఆమె చేతిదే. చుట్టు ముగించేటప్పుడు ఆమె పెన్సిల్ ఎప్పుడూ కిందికి జారుతుంది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడో పోయిన పెద్ద ఇంజనీరు పెట్టిన పద్ధతి. ఎర్ర పెన్సిల్‌తో చుడితే 'ఈ అంకెని నమ్మొద్దు, ఇంకా తేల్లేదు' అని. పచ్చ పెన్సిల్‌తో చుడితే 'చూశాను, కానివ్వండి' అని. ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు. ఎర్ర దీపం దగ్గర ఆగాలని ఎవరైనా రాసిస్తారా? ఆఫీసులో అడుగుపెట్టిన వారంలో అందరికీ ఒంటబట్టేది, అంతే.

ఆ పదహారు చుట్టూ ఆమె చుట్టింది ఎర్ర పెన్సిల్. జనం నడుస్తున్నప్పుడు వంతెన ఊగితే ఆ చెవులు ఆగుతాయా అని అనుమానం. చిత్తు కాగితం మీద లెక్కవేస్తే పాతిక తేలింది. మర్నాడు ఇంకోసారి సరిచూసుకుని పచ్చ పెన్సిల్‌తో రాద్దామనుకుంది. ఆ మర్నాడే నోటీసు బోర్డు.

"కాగితాలన్నీ కాపీ తీసి పంపమన్నారు, ఆఖరి రోజు," అంది నెమ్మదిగా. మరిదితో అంటున్నట్టు లేదు. "రంగుల్లో తీస్తే ఆలస్యమవుతుంది, అయిదింటికల్లా అందాలి, నలుపులో కొట్టెయ్యండి అన్నాడు గుమాస్తా. నేనే కొట్టాను."

మిషను నోట్లోంచి ఎర్రచుట్టూ పచ్చచుట్టూ ఒకే నలుపులో బయటికి రావడం ఆమె చూసింది. చూసి ఊరుకుంది. వేరే కాగితం మీద రెండు వాక్యాలు రాసి జతపరిస్తే సరిపోయేది. ఎందుకు రాయాలి? చవగ్గా చేసే మహానుభావులు వాళ్ళే తెలుసుకుంటారులే అనుకుంది. అడిగితే చెబుదాంలే అనుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా, తనని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ సామెత ఆమెకి ఏమీ ఊరట ఇవ్వలేదు. మరిది ఫోన్ అందుకుని కాగితాన్ని కిందికి జరిపింది.

కాగితం అడుగున ఆ దూరపు ఆఫీసు నంబరు ఉంది. తిప్పింది. రెండు చేతులు మారాక ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

"ఆ షీటు నేనే చేశానండీ. మీరెవరు?"

"దాని మీద చుట్టింది నేనమ్మా."

"అయ్యో, మీరా! నేను మాట్లాడాలనుకున్నది మీతోనేనండీ. ఎవరో మనిషి చుట్టారని తెలుస్తూనే ఉంది, ఎవరో తెలీదు. మాకు రోజుకి పన్నెండు షీట్లు తెమలాలి. ఆ స్టేషన్ ఎలా ఉంటుందో ఒక్క ఫొటో కూడా లేదు. చుట్టిన అంకె ఖాయం చేసిందా, అనుమానం ఉన్నదా అని అడిగాను. పదిహేడో నంబరు ప్రశ్న. రెండుసార్లు గుర్తు కూడా చేశాను."

"నువ్వు లెక్క వెయ్యలేదా?"

"నిలబడిన జనం బరువు వేసి చూశానండీ, పదహారు సరిపోయింది. ఊగడం గురించి చూడటం మాకిచ్చిన పనిలో లేదు. అడిగితే అది అనవసరం అన్నారు."

"పదిహేడుకి జవాబు వచ్చిందా?"

"వచ్చింది. 'డ్రాయింగులో ఉన్నట్టే కానివ్వండి' అని ఒక్క లైను."

"ఎవరు రాశారు?"

"మీ ప్రాజెక్టు మేనేజరుగారు." ఆ పిల్ల గొంతు సన్నబడింది. "ఏమైనా అయిందా అండీ? నేను తప్పు చేశానా?"

"లేదమ్మా. నువ్వు అడిగావు," అని లెక్కలమ్మ ఫోన్ పెట్టేసింది.

పోస్టుమాన్ అవసరం లేకపోయింది. ఆమె తనే నడిచి వెళ్ళి పడగ్గది గుమ్మంలో నిలబడింది. భర్త అద్దం ముందు కాలరు సర్దుకుంటున్నాడు. అద్దంలో ఆమెని చూసి చెయ్యి ఆపాడు. ఎనిమిది నెలల తర్వాత భార్య నోటివెంట నేరుగా వచ్చే మొదటి మాట ఏమై ఉంటుందో అని ఆ ముఖంలో ఒక చిన్న ఆశ కూడా కదిలింది, పాపం.

"పదిహేడో ప్రశ్నకి మీరేం రాశారు?"

ఆశ ఆరిపోయింది. ఆయన ఇటు తిరగలేదు. "ఏ పదిహేడు?"

"తెలీనట్టు మాట్లాడకండి. చెవి ప్లేట్లు. పదహారు చుట్టూ నేను చుట్టింది ఎర్ర పెన్సిల్."

"వందల ప్రశ్నలొస్తాయి. అన్నీ గుర్తుంటాయా?" అంటూ జేబురుమాలు వెతికాడు. అది జేబులోనే ఉంది. "అయినా పరీక్ష అయిపోయింది. పోయిన ఆదివారం వంతెన నిండా ఇసుక బస్తాలు పేర్చి ఒక రోజంతా ఉంచాం. రైల్వే ఇంజనీరు పక్కనే ఉన్నాడు. వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. ఏరా, చెప్పు."

మరిది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "అవును వదినా. బస్తాలు నేనే ఎక్కించాను. రాయిలా నిలబడింది."

"నిలబడుతుంది. ఎందుకు నిలబడదు? ఇసుక బస్తాలు నడవవు!"

లెక్కలమ్మ గదిలోకి రెండడుగులు వేసింది.

"రైలు దిగిన జనం నడుస్తారు. మొదట ఎవరి నడక వాళ్ళదే. దారి కాస్త ఊగగానే పడిపోకుండా అందరూ ఒకే వైపు కాలు వేస్తారు, కావాలని కాదు, ఒళ్ళే అలా చేస్తుంది. దాంతో ఇంకా ఊగుతుంది. ఒక ఇనప తీగని ఒకసారి వంచితే తెగుతుందా? అటూ ఇటూ, అటూ ఇటూ వంచుతూ పోతే? ఆ చెవులకి రోజూ అదే గతి."

"ఈరోజే పడిపోతుందంటావా?" అన్నాడు భర్త. ఆ గొంతులో వెటకారం ఉందో బతిమాలడం ఉందో ఆయనకే తెలియాలి.

"అనను. ఆరు నెలలు ఆగొచ్చు. బాగా కిక్కిరిసిన రోజున ఒక్కపూటలో పోవచ్చు. చెప్పలేను. చెప్పలేనప్పుడు జనాన్ని ఎక్కించకూడదు, అంతే కదా మన పని?"

మరిది తన చేతుల్ని చూసుకుంటున్నాడు. "నా వాళ్ళు ఎనిమిదిమంది ఇప్పుడు దాని మీదే ఉన్నారు. పూలు కడుతున్నారు," అన్నాడు. "అన్నయ్యా, నాకు చెప్పొచ్చుగా. నువ్వు పదహారన్నావు, నేను పదహారు పెట్టాను. నువ్వు పాతికంటే పాతికే పెట్టేవాణ్ణి. నాకేం తేడా?"

మరిది ఇంకో మాట కోసం ఆగకుండా చెప్పులేసుకుని, "ముందు వాళ్ళని దింపుతాను. గేటు దగ్గర నేను నిలబడతాను. మీరు పైవాళ్ళతో ఆపించండి," అని వెళ్ళిపోయాడు. కింద బండి స్టార్టయిన చప్పుడు వినబడింది.

అత్తగారు ఒక్కో మాటా విని, అర్థమైనంత మేరకి కూడదీసుకుంది. "ఆపితే ఏమవుతుంది?" అని పెద్దకొడుకుని అడిగింది.

"నా పని అయిపోతుందమ్మా. కేసు పెడతారు. తమ్ముణ్ణి కూడా లాగుతారు."

"ఆపకపోతే?"

పెద్దకొడుకు కాలరు గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు.

లెక్కలమ్మ రైల్వే ఇంజనీరుకి తనే ఫోన్ చేసింది. ఆయన వేదిక దగ్గర ఉన్నాడు, మైకుల గోల. ఆయనేమీ చెడ్డవాడు కాదు. చివరిదాకా విన్నాడు. విని, "మీరు చెప్పేది అబద్ధమని అనడం లేదమ్మా. కానీ నా దగ్గరున్న కాగితాల్లో మీ పేరు ఎక్కడా లేదు. ఎవరో ఇంట్లోంచి ఫోన్ చేశారని నేను గేటు మూయించలేను. మీ మేనేజరుగారు సంతకం పెట్టి రెండు లైన్లు రాసి, ఫొటో తీసి పంపమనండి. ఆ క్షణమే మూయిస్తా," అన్నాడు.

భర్త విన్నాడు. విననట్టు తన ఫోన్ తీసి కంపెనీ యజమానికి చేశాడు. నాలుగోసారి గాని దొరకలేదు. అప్పటికి మూడు దాటింది. యజమాని గొంతు గదంతా వినబడేంత పెద్దది.

"ఎవరు చెప్పారు? మీ ఆవిడా? తీసేసిన మనిషి ఇంకేం చెబుతుందయ్యా? అక్కసు. సరే, అనుమానమంటే తీరిగ్గా చూద్దాం. ముందు ఈ పూట గడవనీ. వారం పోయాక మరమ్మతు పేరు చెప్పి రెండు రోజులు మూసి, నీ తమ్ముడి చేతే మందం ప్లేట్లు వేయిద్దాం. మూడో కంటికి తెలీదు. చొక్కా మార్చుకుని త్వరగా రా."

భర్త ఫోన్ మంచం మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. "విన్నావుగా. వారంలో చేసేద్దామంటున్నారు."

"వారంలో ఎన్ని రైళ్ళు?"

ఆయన ఇస్త్రీ చొక్కా నలిగిపోతున్నా పట్టించుకోకుండా వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చుకున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"చుట్టుకి రెండు రంగులుంటాయని. నీతోపాటే గదా నేనూ ఆ పద్ధతి నేర్చుకున్నది. పదిహేడో ప్రశ్న చూడగానే అర్థమైంది. అది ఎరుపో పచ్చో నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. అసలు కాగితాలు అప్పటికే గోదాముకి పోయాయి. నిన్నే అడుగుదామని ఆ సాయంత్రం పెందరాళే ఇంటికొచ్చాను. వంటింటి గుమ్మం దాకా వచ్చాను."

"వచ్చి?"

"నువ్వు కొళాయి తిప్పావు."

లెక్కలమ్మకి గుర్తుంది. అడుగుల చప్పుడు వినబడింది, ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది. క్షమాపణ చెప్పడానికొచ్చాడనుకుంది. అంత తేలిగ్గా చెప్పనివ్వకూడదనుకుంది. కొళాయి పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాకా కడిగింది. ఆ పూట తను గెలిచాననుకుని ఎంత తృప్తిగా నిద్రపోయిందో కూడా గుర్తొచ్చింది.

"అత్తయ్య చేత అడిగించొచ్చుగా," అంది.

"మర్నాడు అదే అనుకున్నాను. ఈలోగా వాళ్ళు మళ్ళీ గుర్తు చేశారు. పెళ్ళాన్ని తీసేసి, ఇంటికెళ్ళి పెళ్ళాన్నే అడిగి పని నడుపుతున్నాడని ఆఫీసులో నవ్వుతారనిపించింది. నువ్వు లేకపోయినా పని ఆగదని నేనే గదా పైవాళ్ళకి చెప్పింది! నువ్వు చుట్టినవాటిలో ఎక్కువ పచ్చవే ఉంటాయిలే అని రాసేశాను."

"నా బదులు మీరే పచ్చ అనుకున్నారా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడలేక అత్తగారు తల తిప్పుకుంది.

నోటిమాటతో పోయేదాన్ని ఇద్దరూ కలిసి ఎక్కడిదాకా తెచ్చుకున్నారో ఇప్పుడు ఇద్దరికీ కనబడుతోంది. ఎనిమిది నెలలు ఒక కప్పు కింద ఉన్నారు. ఒకరి దగ్గర ప్రశ్న ఉంది, ఇంకొకరి దగ్గర జవాబు ఉంది. మధ్యలో ముసలావిడ మోకాళ్ళు నొప్పెట్టేలా తిరిగి మోసినవన్నీ కూరలో ఉప్పు తక్కువైందనీ, కరెంటు బిల్లు వచ్చిందనీ కబుర్లే.

ఆమె కాగితం తెచ్చి బల్ల మీద పెట్టుకుని రాసింది. ఎక్కువ రాయలేదు. నల్ల కాపీలు తీసిందీ, చుట్టుల రంగు సంగతి తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్నదీ తనేనని మొదటి వాక్యం. చెవి ప్లేట్లు పాతిక ఉండాల్సినచోట పదహారు పడ్డాయని రెండోది. పదిహేడో ప్రశ్న, దాని జవాబు మూడోది. జనాన్ని ఎక్కించవద్దని నాలుగోది. రాసి ఆయన ముందుకి జరిపింది. కలం పక్కన పెట్టింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. గోడ గడియారంలో మూడూ ఇరవై అయింది.

"మూడో వాక్యం లేకుండా రాయొచ్చుగా," అన్నాడు. "నువ్వు ఎలాగూ ఉద్యోగంలో లేవు. నీ ఒక్కదాని పొరపాటుగా పోతే నిన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు. నీ సంతకం పెట్టి పంపేద్దాం."

కోపం వస్తుందనుకుంది ఆమె. రాలేదు. దాని చోట ఏమీ లేదు.

"నా సంతకం చెల్లదన్నాడాయన, విన్నారుగా. పంతొమ్మిదేళ్ళు చెల్లింది. చెల్లకుండా చేసింది మీరే."

"ఒరేయ్ పెద్దోడా," అంది అత్తగారు. కొడుకు భుజం మీద చెయ్యి వేసింది, పెట్టమని చెప్పలేకపోయింది, వద్దనీ చెప్పలేకపోయింది. ఈ కాగితం కింద ఒక కొడుకు బతుకు ఉంది, ఆ గేటు దగ్గర ఇంకో కొడుకు ఉన్నాడు.

ఆయన కలం అందుకున్నాడు.

లెక్కలమ్మ ఫోన్ మోగింది. మరిది.

"వదినా!" వెనక పెద్ద హోరు. "వదినా, వాన పట్టింది. వేదిక మీద పెద్దవాళ్ళు తడుస్తున్నారని మూడుంపావుకే రిబ్బను కోసేశారు. నేను గేటుకి అడ్డం నిలబడ్డాను, పోలీసులు పక్కకి లాగేశారు. మధ్యాహ్నం రావాల్సిన రైలూ, ఈ వేళకి రావాల్సిన రైలూ ఒకేసారి వచ్చాయి. రెండు రైళ్ళ జనం, వానకి అందరూ పైకే ఎక్కుతున్నారు. సంతకం ఏమైంది?"

"నీ మనుషులు?"

"ఆరుగురు దిగారు. ఇద్దరు నడిమధ్యన ఇరుక్కుపోయారు, వెనక్కి రాలేకపోతున్నారు. వదినా, ఊగుతోంది. నాకు ఇక్కణ్ణుంచి కనబడుతోంది. జనం నవ్వుతున్నారు వదినా, ఉయ్యాల ఎక్కినట్టు అరుస్తున్నారు!"

"సంతకం పెట్టండి," అంది ఆమె భర్తతో. అరవలేదు.

ఆయన కాగితం వైపే చూస్తున్నాడు.

ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది. వాన చప్పుడు, నవ్వులు, ఎవరో పిల్లని పేరు పెట్టి పిలుస్తున్న కేక. వాటన్నిటి అడుగున ఇనప రేకు మీద అడుగుల చప్పుడు. మొదట అది చిందరవందరగా ఉంది. వేల కాళ్ళు, ఎవరి తొందర వాళ్ళది. పంతొమ్మిదేళ్ళు కాగితం మీద మాత్రమే చూసినదాన్ని ఆమె మొదటిసారి చెవులతో వింది. చప్పుడు నెమ్మదిగా సర్దుకుంటోంది. కుడి. ఎడమ. మధ్యలో ఖాళీ వస్తోంది. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ, అంతమందీ కలిసి ఒక్క మనిషే నడుస్తున్నట్టు.

భర్త చేతిలో కలం మూత ఇంకా తీయలేదు.